13 మిల్లీమీటర్ల కండరంలో సూదికి చోటెంత? ఒక పిరిఫార్మిస్ ఇంజెక్షన్ కేసు

రోగికి 39 ఏళ్ళు. సొంతూరు కదిరి పక్క. చాలా ఏళ్ళుగా బెంగళూరులోనే, బొమ్మనహళ్ళి దగ్గర ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ మీద పని. షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటోంది. మా దగ్గరికి వచ్చేనాటికి మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.2. ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు. ఈ రెండు అంకెలు ఎందుకు రాశానో సూది దగ్గరికి వచ్చాక తెలుస్తుంది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

బాధ ఏడాదిగా ఉంది. కుడి పిరుదులో లోతుగా సలుపు, అక్కడి నుంచి తొడ వెనకగా పిక్క దాకా లాగడం. "నడిస్తే బాగుంటాది మేడం. కూచుంటేనే. అరగంటకల్లా కాలంతా జివ్వుమంటాది." కన్సల్టేషన్ గదిలో కుర్చీలో ఎలా కూర్చుందో చూస్తేనే సగం కథ తెలిసిపోయింది. బరువంతా ఎడమ పిర్ర మీద వేసి, కుడి పక్క కొంచెం గాలిలో ఉంచింది.

అప్పటికే నడుము ఎంఆర్ఐ తీయించుకుంది. ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ కొద్దిగా ఉబ్బింది, నరం మీద ఒత్తిడి లేదు. బెల్టు పెట్టుకుంది, ట్రాక్షన్ తీసుకుంది, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్ మాత్రలు వాడితే మిషన్ మీదే కునుకు వచ్చేదట. తర్వాత ఒకచోట పిరుదులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. స్కానింగ్ ఏదీ లేకుండా చేత్తో తడిమి చూసి ఇచ్చినది. నొప్పి మూడు రోజులు తగ్గి మళ్ళీ మామూలే. షుగర్ మాత్రం 300 దాటింది.

పరీక్షలో కాలు చాపి పైకి ఎత్తితే 80 డిగ్రీల దాకా ఇబ్బంది లేదు. మోకాలి, మడమ రిఫ్లెక్సులు రెండు పక్కలా సమానం. బలం పూర్తిగా ఉంది. వెన్ను అడుగు ఎముక కటి ఎముకను కలిసే సాక్రోఇలియాక్ కీలుకు చేసే పరీక్షల్లో నొప్పి రాలేదు, కూర్చునే ఎముక మీద నొక్కినా రాలేదు. తుంటిని ముడిచి, లోపలికి లాగి, లోపలికే తిప్పే ఫెయిర్ టెస్ట్‌లో మాత్రం అరనిమిషంలో ఆమె రోజూ పడే నొప్పే వచ్చింది. కూర్చోబెట్టి, మోకాలిని నా చేతికి ఎదురుగా పక్కకి తోయమన్నప్పుడు కూడా అంతే. ఆ రెండో పరీక్ష చేస్తుండగా ఆమె అన్న మాట ఇది: "మిషన్ కాడ చేసేదీ ఇదే కదా మేడం."

ఫ్యాక్టరీ మిషన్లు చూడనివాళ్ళకు ఇది వివరంగా చెప్పాలి. ఇంట్లో కుట్టుకునే మిషన్‌లో బట్టను పట్టుకునే ఫుట్‌ను చేత్తో ఎత్తుతాం. పరిశ్రమల్లో వాడే మిషన్‌లో చేతులు ఖాళీ ఉండవు కాబట్టి బల్ల కింద ఒక మీట ఉంటుంది. కుడి మోకాలితో దాన్ని పక్కకి తోస్తే ఫుట్ లేస్తుంది. కుడి పాదం పెడల్ మీద, కుడి మోకాలు మీట మీద. కాలర్ తిప్పిన ప్రతిసారీ, పాకెట్ మూల తిరిగిన ప్రతిసారీ ఒక తోపు. పిరుదు లోతులో ఉండే పిరిఫార్మిస్ కండరం నిలబడ్డప్పుడు తుంటిని బయటికి తిప్పుతుంది. తుంటి 90 డిగ్రీలు ముడిచి కూర్చున్నప్పుడు దాని పని మారి, తొడను పక్కకి లాగుతుంది. అంటే నేను ఒక్కసారి చేసిన పరీక్షను ఆమె షిఫ్టంతా చేస్తూనే ఉంది. జబ్బుకు కారణం కచ్చితంగా ఇదేనని రుజువు చేయలేను కానీ, ఈ సంగతి అడగకుండా కేసు రాస్తే అది సగం కేసే.

ఎంఆర్ఐ ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

పిరిఫార్మిస్ వెన్ను అడుగున ఉండే సేక్రం ఎముక ముందు వైపు పుట్టి, గ్రేటర్ సయాటిక్ ఫొరామెన్ అనే ఎముక గండి గుండా బయటికి వచ్చి, తొడ ఎముక పైభాగంలోని గ్రేటర్ ట్రోకాంటర్‌కు అంటుకుంటుంది. పైన దళసరిగా పిరుదు పెద్ద కండరం గ్లూటియస్ మాక్సిమస్, దాని మీద కొవ్వు. కింద, నడుము నుంచి కాలికి దిగే సయాటిక్ నరం. ఈ కండరం నరాన్ని నొక్కి కాలు నొప్పి తెప్పిస్తుందన్న ఆలోచన 1920ల నుంచి ఉంది. పిరిఫార్మిస్ సిండ్రోమ్ అన్న పేరు 1947లో రాబిన్సన్ వాడింది. ఇప్పటికీ ఈ జబ్బును ఒప్పుకోని డాక్టర్లున్నారు. ఇప్పుడు చాలామంది డీప్ గ్లూటియల్ సిండ్రోమ్ (పిరుదు లోతులో నరం నొక్కుకుపోయే జబ్బులన్నీ) అనే పెద్ద గొడుగు కింద పెడుతున్నారు. ఇదీ అని తేల్చే ఒక్క పరీక్ష లేదు. కండరంలోకి మత్తుమందు ఇచ్చి నొప్పి పోతుందా చూడటమే ఒక పరీక్షగా వాడుతున్నాం. అలాంటప్పుడు మందు అసలు ఆ కండరంలోకే వెళ్ళిందా అన్నది ముందు తేలాలి.

పెల్విస్ ఎంఆర్ఐ రిపోర్టులో "కుడి పిరిఫార్మిస్ హైపర్‌ట్రోఫీ" అని ఉంది. కుడి 17 మిల్లీమీటర్లు, ఎడమ 15. ఆమె తమ్ముడు ఆ రెండు పదాలు ఫోన్‌లో వెతికి, పెద్ద టెన్షన్‌తో వచ్చాడు. "అక్కకి కండ ఉబ్బిందంట మేడం, ఆపరేషన్ చేయాల్నా?"

ఆ 2 మిల్లీమీటర్ల మీద నాకు నమ్మకం లేదు. ఈ కండరం శరీరంలో ఏటవాలుగా ఉంటుంది. ఎంఆర్ఐ అడ్డకోతలు నిటారుగా పడతాయి. కటి కొంచెం ఒరిగి పడుకుంటే చాలు, ఒక పక్క కండరం మరికాస్త ఏటవాలుగా తెగి లావుగా కనబడుతుంది. పాదాలు లోపలికి తిప్పి టేప్ వేస్తే కండరం సాగి పలుచబడుతుంది, వదిలేస్తే కుదించుకుని లావవుతుంది. పైగా ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా రెండు పక్కల కండరాలు సమానంగా ఉండవు, కొన్ని మిల్లీమీటర్ల తేడా మామూలే. కొలతలో వచ్చే పొరపాటంత తేడాను జబ్బు పేరుగా రాయకూడదని నా అభిప్రాయం.

నాకు అదే ఎంఆర్ఐలో పనికొచ్చినవి వేరే రెండు. ఒకటి, కొవ్వును అణచి నీరు చేరిన చోటును తెల్లగా చూపే ఎస్‌టీఐఆర్ చిత్రాల్లో కుడి సయాటిక్ నరం ఆ ఎముక గండి దగ్గర ఎడమదాని కన్నా తెల్లగా ఉంది. కండరం సైజు తేడా ఒక్కటే ఉండటం వేరు, దానికి తోడు నరం ఇలా మెరవడం వేరు. రెండు, కుడి పక్క నరం ఒకే కట్టగా కండరం కిందనుంచి రావడం లేదు. పైనే రెండుగా చీలి, పాదాన్ని పైకి ఎత్తించే పెరోనియల్ భాగం కండరం మధ్య నుంచి వస్తోంది.

ఇలాంటి తేడాలను బీటన్, ఆన్సన్ అనే ఇద్దరు 1937లోనే రకాలుగా విడగొట్టి రాశారు. శవ పరిశీలనలను కలిపి చూసిన 2010 సమీక్షలో, 6000కు పైగా కాళ్ళలో దాదాపు 17 శాతంలో నరం మామూలు దారిలో లేదు. ఈ జబ్బుకు ఆపరేషన్ అయినవాళ్ళలోనూ దాదాపు అంతే శాతం. అంటే నరం కండరం మధ్యగా వెళ్ళినంత మాత్రాన నొప్పి వస్తుందని చెప్పలేం. తమ్ముడికి అదే చెప్పాను: "పుట్టుకతో వచ్చిన దారి, నాన్నా. దాన్ని కోసేదేం లేదు. సూది వేసేటప్పుడు నాకు తెలిసుండాల, అంతే." ఆమెకు నొప్పి ఎందుకో ఈ తేడా చెప్పదు. సూది ఎక్కడికి పోకూడదో మాత్రం చెబుతుంది.

అల్ట్రాసౌండ్ మీద కొలత

ఎంఆర్ఐలో చర్మం నుంచి నా గురి దాకా 5.1 సెంటీమీటర్లు. ఈ అంకెతో సూది తీసుకుంటే దెబ్బతింటాం. ఎంఆర్ఐలో రోగి వెల్లకిలా పడుకుంటుంది, ఒంటి బరువుకు పిరుదు అణిగిపోతుంది. ఇంజెక్షన్‌కు బోర్లా పడుకుంటుంది, కొవ్వు మళ్ళీ పైకి లేస్తుంది. బోర్లా పడుకోబెట్టి, ప్రోబ్ ఊరికే ఆనించి చూస్తే అదే చోటు 6.6 సెంటీమీటర్లు. ప్రోబ్ గట్టిగా అదిమితే 5.5. ఒకే మనిషి, ఒకే కండరం, మూడు లోతులు. అందుకే నా నోట్స్‌లో లోతు పక్కన ఎలా పడుకుంది, ప్రోబ్ ఎంత నొక్కాను అన్నది తప్పకుండా రాస్తాను.

దీనికి మామూలు లీనియర్ ప్రోబ్ పనికిరాదు, అంత లోతు అందదు. 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ కర్వ్ ప్రోబ్ కావాలి. పొట్ట కింద దిండు, పాదాలు మంచం అంచు దాటి వేలాడాలి. నడుము కింద తగిలే వెనుక ఎముక బొడిపె దగ్గర మొదలుపెడితే ఇలియం ఎముక తెల్లటి గీతలా కనిపిస్తుంది. ప్రోబ్‌ను ట్రోకాంటర్ వైపు ఏటవాలుగా తిప్పి కిందికి జరిపితే ఒకచోట ఆ గీత తెగిపోతుంది. అదే సయాటిక్ గండి. అక్కడ రెండు కండరాలు ఒకదాని మీద ఒకటి. కింది పొర పిరిఫార్మిస్ అవునా కాదా అన్న అనుమానం ఉంటే నా అసిస్టెంట్ రోగి మోకాలు ముడిచి పాదాన్ని బయటికీ లోపలికీ ఊపుతుంది. పై పొర కదలదు, కింది పొర మాత్రం దాని కింద జారుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఈ ఒక్క పని మానేసి, పైనున్న గ్లూటియస్ మాక్సిమస్‌నే పిరిఫార్మిస్ అనుకోవడం చూశాను.

మందం కొలిస్తే కుడి 13, ఎడమ 11 మిల్లీమీటర్లు. ఎంఆర్ఐ అంకెలతో కలవదు, కలవాల్సిన అవసరమూ లేదు: కోత వేరు, పడుకున్న తీరు వేరు. ప్రోబ్ ఎత్తి మళ్ళీ పెట్టి కొలిస్తే అదే కుడి పక్క ఒకసారి 12, ఒకసారి 14 వచ్చింది. ప్రోబ్ కొంచెం వాలితే తేడా అంత ఉంటుంది.

నాకు కావాల్సిన కొలత వేరే. కండరం పై పొర నుంచి నరం దాకా ఎంత ఉంది? నరాన్ని పైన వెతకడం కష్టం, అందుకే కింద, కూర్చునే ఎముకకూ ట్రోకాంటర్‌కూ మధ్య పట్టుకుని పైకి వెంబడించాను. ఒక కట్ట కండరం కిందకి దూరింది. రెండోది కండరం కింది అంచు దగ్గర లోపలికి వెళ్ళి, నారల మధ్య మసకబారింది. ఎంఆర్ఐ చూడకపోతే అక్కడ నరం ఉందని అనుకునేదాన్నే కాదు. ఆ చోట పై పొర నుంచి నరం దాకా 6 మిల్లీమీటర్లే. అక్కడి నుంచి సేక్రం వైపు ఒకటిన్నర సెంటీమీటరు జరిగితే మందమంతా ఖాళీ. గురి అక్కడ పెట్టుకున్నాను. రక్త ప్రవాహం చూపే డాప్లర్ వేసి ఇన్ఫీరియర్ గ్లూటియల్ ధమని దారిలో లేదని చూసుకున్నాను.

సూది పొడవు లెక్క

ఇది చాలా చిన్న లెక్క, కానీ గదిలోకి వచ్చాక గుర్తొస్తే ఆలస్యం. సూది నిటారుగా పోదు, ఏటవాలుగా పోతుంది. లోతు 6.6, కోణం 45 డిగ్రీలు అయితే సూది దారి 9.3 సెంటీమీటర్లు. మన దగ్గర అందరి ట్రాలీలో ఉండే స్పైనల్ సూది 9 సెంటీమీటర్లు. అందదు. కోణం 50 చేస్తే 8.6 చాలు, కానీ కోణం పెరిగేకొద్దీ సూదికి తగిలిన ధ్వని ప్రోబ్ వైపు తిరిగి రాదు, మొన మాయమవుతుంది. చాలామంది అప్పుడు ప్రోబ్ అదిమి లోతు తగ్గించుకుంటారు. అదీ చిక్కే. సూది లోపలుండగా పట్టు సడలితే కొవ్వు పైకి లేచి, కండరంలో ఉన్న మొన బయటికి వచ్చేస్తుంది. నేను 10 సెంటీమీటర్ల నెర్వ్ బ్లాక్ సూది తీసుకున్నాను, ప్రోబ్ తేలిగ్గానే పట్టుకున్నాను.

ఇంకో చిన్న విషయం, లావుగా ఉన్నవాళ్ళ కోసం. మిషన్ ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లని లెక్కేసుకుంటుంది. కొవ్వులో వేగం సుమారు 1450 మాత్రమే. 5 సెంటీమీటర్ల కొవ్వును మిషన్ 5.3గా చూపిస్తుంది. సూదినీ అదే తెర మీద చూస్తూ వెళ్తే ఈ పొరపాటు రెండింటికీ ఒకటే, బాధ లేదు. తెర మీద కొలిచి, సూది మీద గుర్తు పెట్టి, చూడకుండా దించేవాళ్ళకు మాత్రం మూడు మిల్లీమీటర్లు చిన్న సంగతి కాదు.

ఏ వైపు నుంచి వెళ్ళాలి? సాధారణంగా నేను సేక్రం వైపు నుంచి బయటి వైపుకు వెళ్తాను. ఇక్కడ అలా చేస్తే మొన సూటిగా నరం వైపే చూస్తుంది. బయటి నుంచి లోపలికి వస్తే నరం ఉన్న చోటును గ్లూటియస్‌లో ఉండగానే దాటేస్తుంది. కానీ గురి దాటి ముందుకెళ్తే వెనక ఎముక గోడ ఉండదు, కటి కుహరంలోకే. రెండోదే ఎంచుకున్నాను. మొన కనబడుతున్నంతసేపు లోతు నా చేతిలో ఉంటుంది. సరిగ్గా కనబడని నరం నా చేతిలో ఉండదు. ఇంకొకరు మరో విధంగా ఆలోచించినా తప్పనను.

ఇంజెక్షన్ రోజు

ఉదయం షుగర్ 162. రక్తం పలచబరిచే మందులేవీ లేవు. మొన కండరంలో ఉన్నట్టే కనిపించింది. ముందుగా అర మిల్లీలీటరు సెలైన్ పంపాను. రెండు కండరాల మధ్య నల్లటి పల్చని గీత పరుచుకుంది. అంటే మొన ఇంకా పొరల మధ్యే ఉంది. మందు ఇక్కడ పోసినా తెర మీద బాగానే కనిపించేది, రిపోర్టులో "పిరిఫార్మిస్ ఇంజెక్షన్" అనే రాసేవాళ్ళం. 3 మిల్లీమీటర్లు ముందుకు జరిపి మళ్ళీ కొంచెం సెలైన్. ఈసారి నారలు విడిపోతూ కండరం లోపలే ఉబ్బింది. అప్పుడు 1 శాతం లిడోకైన్ 3 మిల్లీలీటర్లు ఇచ్చాను.

2008లో ఫినాఫ్ బృందం శవాల మీద చేసిన పరిశీలన ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అల్ట్రాసౌండ్ చూస్తూ ఇచ్చిన 20 ఇంజెక్షన్లలో 19 కండరంలో పడ్డాయి. ఎక్స్-రే తెర మీద కాంట్రాస్ట్ మందు చూసుకుంటూ ఇచ్చిన 20లో ఆరే పడ్డాయి. తప్పినవాటిలో ఎక్కువ భాగం పైనున్న గ్లూటియస్ మాక్సిమస్‌లోనే. చేత్తో తడిమి ఇచ్చిన ఆ మొదటి ఇంజెక్షన్ ఎక్కడ పడి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

స్టెరాయిడ్ కలపలేదు. ఆమె షుగర్ ఒక కారణం. 2015లో వచ్చిన ఒక డబుల్ బ్లైండ్ ట్రయల్‌లో (ఎవరికి ఏ మందో రోగికీ డాక్టరుకూ తెలియకుండా చేసేది) లిడోకైన్‌కు స్టెరాయిడ్ కలిపినా అదనపు మేలు కనిపించకపోవడం రెండో కారణం.

ఇరవై నిమిషాల తర్వాత చెక్క స్టూలు మీద కూర్చోబెట్టి, మోకాలు పక్కకి తోయమన్నాను. నొప్పి పదికి 8 నుంచి 2కి దిగింది. మడమల మీద నడవమంటే కుడి పాదం ముందు భాగం సరిగ్గా లేవలేదు, బొటనవేలు ఎత్తడంలో బలం తగ్గింది. లిడోకైన్ పెరోనియల్ భాగానికి తగిలిందన్నమాట. నరం అక్కడ ఉందన్నదీ దీంతో ఖాయమైంది. తమ్ముడు బైక్ తెచ్చాడు. కాలు మొద్దుబారి ఉండగా బైక్ వద్దని, పాదం బలం పూర్తిగా వచ్చేదాకా కూర్చోబెట్టి, సాయంత్రం ఆటోలో పంపాం.

ఈ పాదం బలహీనత వల్ల ఒక చిక్కు వచ్చిపడింది, దాన్ని దాచకూడదు. మందు నరానికి కూడా తగిలింది కాబట్టి, నొప్పి తగ్గింది కండరం సడలడం వల్లా, నరం మొద్దుబారడం వల్లా? ఆ రోజు దొరికిన ఉపశమనం ఒక్కటే చూసి "పిరిఫార్మిస్ సిండ్రోమ్ నిర్ధారణ" అని రాయలేను. లిడోకైన్ ప్రభావం కొన్ని గంటలే. నొప్పి మాత్రం మూడు వారాల తర్వాత కూడా 3 దగ్గరే ఉంది. అది కండరం వైపు మొగ్గు చూపిస్తుంది కానీ, ఆ మూడు వారాల్లో ఫిజియోథెరపీ కూడా నడిచింది. కాబట్టి ఫైల్‌లో "డీప్ గ్లూటియల్ సిండ్రోమ్, పిరిఫార్మిస్ పాత్ర ఉండవచ్చు" అనే ఉంది.

తర్వాత

ఫిజియో సాగదీసే వ్యాయామాలతో మొదలుపెట్టి, తుంటి కండరాల బలం మీదికి వెళ్ళింది. ఇంతకన్నా ఎక్కువ పని చేసింది మిషన్ దగ్గర మార్పు అని నా అనుమానం. సూపర్‌వైజర్‌ను అడిగితే లైన్ టార్గెట్ ఆగిపోతుందన్నాడట. ఆమె మెకానిక్‌నే పట్టుకుంది. మోకాలి మీట మెత్తను రెండు వేళ్ళ దూరం దగ్గరికి జరిపించుకుంది. అంతకుముందు మోకాలిని బాగా పక్కకి చాపితే గానీ మీట అందేది కాదు. "పది నిమిషాల పని మేడం. ఏడాది నుంచి ఎవరూ అడగలే, నేనూ చెప్పలే."

పది వారాలకు వచ్చినప్పుడు గంటన్నర ఆపకుండా కూర్చోగలుగుతోంది, నొప్పి 2. ప్రీగాబలిన్ మానేసింది. మళ్ళీ అల్ట్రాసౌండ్ చేశాను: కుడి 13, ఎడమ 11. కండరం మందం అంతే ఉంది, నొప్పి తగ్గింది. నడుము డిస్క్ కూడా అలాగే ఉండి ఉంటుంది, మళ్ళీ ఎంఆర్ఐ తీయలేదు.

నొప్పి తిరగబెడితే కండరాన్ని సడలించే బొటులినం టాక్సిన్ గురించి ఆలోచిస్తాం. ప్రభావం మూడు నెలల దాకా ఉంటుంది కానీ ఖర్చు ఎక్కువ, ఈ జబ్బుకు అది లేబుల్ మీద ఉన్న వాడకం కూడా కాదు. లిడోకైన్ నరానికి తగిలితే కొన్ని గంటల్లో పోతుంది. టాక్సిన్ పక్క కండరాల్లోకి పాకితే అలా పోదు, అందుకే ఇచ్చే పరిమాణం ఇంకా తగ్గించి, గురి సేక్రం వైపు ఇంకొంచెం జరపాల్సి ఉంటుంది. ఆ రోజు సూది పట్టుకునేది నేనే అయ్యుండకపోవచ్చు. అందుకని ఆమె చేతికిచ్చిన కాగితంలో ఇలా రాశాను: బోర్లా, తేలిక ఒత్తిడితో కుడి గురి లోతు 6.6 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్ల సూది, 45 డిగ్రీలు, బయటి నుంచి లోపలికి, పెరోనియల్ భాగం కండరం మధ్యగా వెళ్తోంది, అక్కడ పై పొర నుంచి 6 మిల్లీమీటర్లే, ఇంజెక్షన్ తర్వాత పాదం బలం చూడకుండా పంపవద్దు, స్టెరాయిడ్ ఇచ్చే ముందు షుగర్ చూడాలి.